ఆరు కోణాల నక్షత్రం: గుడిలో, దర్గాలో, చర్చిలో, జెండా మీద ఒకే గీత ఎందుకు?

కర్నూలులోనో అనంతపురంలోనో పూజా సామగ్రి అంగట్లో సుబ్రహ్మణ్య యంత్రం అడిగితే, ఆరు కోణాల నక్షత్రం చెక్కిన రాగిరేకు తీసి ఇస్తారు. డిసెంబరు వస్తే అదే ఆకారం రంగు కాగితం చుట్టుకుని క్రైస్తవుల ఇళ్ల ముందు వేలాడుతుంది. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గవుతుంది. కొన్ని తావీజు రేకుల మీదా కనిపిస్తుంది. రాత్రి వార్తలు పెడితే ఇజ్రాయెల్ జెండా మధ్యలో నీలిరంగులో ఉన్నదీ అదే. పశ్చిమాసియాలో యుద్ధం మొదలైనప్పుడల్లా ఈ చివరి అర్థం మిగతా వాటన్నిటినీ మింగేస్తుంది. ఏ గుడి గోడ మీదో, ఏ పాత సమాధి తోరణం మీదో ఉన్న నక్షత్రం ఫొటో ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. దాని వెంట రెండు వాదనలు వస్తాయి. ‘ఇది మన షట్కోణమే, వాళ్లు తీసుకున్నారు’ అనేది ఒకటి. ‘ఇక్కడ ఒకప్పుడు యూదులు ఉండేవారు’ అనేది రెండోది. బొమ్మ ఒక్కటే ఆధారమైతే రెండూ నిలవవు.

సంక్షిప్తంగా

ఆరు కోణాల నక్షత్రం ఒక చోట పుట్టి ప్రపంచమంతా పాకిన గుర్తు కాదు. వృత్తం గీసే పనిముట్టు, మూడు దిక్కుల అల్లిక, సందు చుక్కల వరుస, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఆ ఆకారం దానంతట అదే వస్తుంది. అర్థం తర్వాత చేరింది, ఒక్కో సమాజంలో ఒక్కోటి. యూదుల ఉమ్మడి గుర్తుగా అది స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. అందువల్ల ఒక నక్షత్రం ఎవరిదో తేల్చేది దాని పక్కన ఉన్న అక్షరాలు, రంగు, చోటు, కాలం.

వృత్తం గీసిన వారికి వచ్చే ఆకారం

ఒక మేకు, ఒక పురికొస ఉంటే చాలు. మేకు పాతి, కొస బిగించి వృత్తం గీయాలి. కొస పొడవు మార్చకుండా, వృత్తం అంచు మీద ఒక గుర్తు నుంచి మొదలుపెట్టి అదే పొడవును చుట్టూ కొలుచుకుంటూ పోతే ఆరో అడుగుకు మొదటి గుర్తు దగ్గరికే వస్తాం. వ్యాసార్థంతో సమానమైన జ్యా కేంద్రం దగ్గర సరిగ్గా 60 డిగ్రీల కోణం చేస్తుంది, 60 ఆరుసార్లు 360. ఆ ఆరు గుర్తుల్లో ఒకటి విడిచి ఒకటి కలిపితే పైకి చూసే త్రిభుజం, మిగిలిన మూడింటినీ కలిపితే కిందికి చూసే త్రిభుజం వస్తాయి. లెక్క కట్టే పని లేదు, కోణమాపకం అక్కర్లేదు. అయిదు కోణాల నక్షత్రానికి ఈ సౌకర్యం లేదు. వృత్తాన్ని అయిదు సమాన భాగాలు చేయడానికి ఇంకో నాలుగు మెట్ల రేఖాగణితం కావాలి. చక్రాలు చేసే వడ్రంగి, రాయి చెక్కే శిల్పి, మట్టి గోడకు గుండ్రటి కిటికీ పెట్టే మేస్త్రీ ఉన్న ప్రతి నాగరికతలోనూ ఈ నక్షత్రం కనిపించడానికి ఇంతకంటే పెద్ద రహస్యం వెతకనక్కర్లేదు.

పని చేసేటప్పుడు చెడేది ఎక్కువగా చుట్టూ కొలిచే దగ్గరే. కొస సాగినా, సుద్దముక్క మందంగా ఉన్నా, ఒక్కో అడుగులో వచ్చే కొద్దిపాటి తేడా ఆరుసార్లు పోగుపడి చివరి గుర్తు మొదటిదానికి కలవదు. దీనికి విరుగుడు సులభం. ముందు కేంద్రం గుండా ఒక వ్యాసం గీయాలి. దాని రెండు కొనల నుంచీ, కొస పొడవు మార్చకుండా, అటూ ఇటూ ఒక్కో చాపం కొట్టాలి. నాలుగు గుర్తులు వస్తాయి, వ్యాసం కొనలు రెండు కలిపి ఆరు. ఏ గుర్తుకూ ఒక అడుగుకు మించి తేడా పోగవదు.

కొలతలు కూడా సుళువే. త్రిభుజం భుజం వ్యాసార్థానికి 1.732 రెట్లు. ఒక్కో భుజాన్ని రెండో త్రిభుజం సరిగ్గా మూడు సమాన భాగాలుగా కోస్తుంది. కడప నల్ల బండ, బేతంచెర్ల లేత రంగు బండ కలిపి గచ్చులో నక్షత్రం పొదిగే మేస్త్రీకి పనికొచ్చేది ఈ మూడో వంతు లెక్కే. 30 సెంటీమీటర్ల వ్యాసార్థంతో నక్షత్రం కావాలంటే పెద్ద త్రిభుజం భుజం 52 సెంటీమీటర్లు, కొన ముక్క భుజం 17.3. మధ్యలో వచ్చే ఆరు భుజాల పలక ఎదురెదురు భుజాల మధ్య 30, ఎదురెదురు మూలల మధ్య 34.6 సెంటీమీటర్లు ఉంటుంది. ఆరు కొన ముక్కలను విడివిడి బండల నుంచి తీస్తే రాయి వృథా. 15 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ నుంచి ఒకటి నిలువు, ఒకటి తలకిందులుగా కోసుకుంటూ పోతే, బ్లేడు తినే రాయితో కలిపి, రెండు అడుగులు కాస్త దాటిన ముక్కలో ఆరూ వచ్చేస్తాయి. కోణంలో 1 డిగ్రీ తప్పితే 17 సెంటీమీటర్ల అంచు చివర 3 మిల్లీమీటర్ల సందు పడుతుంది. సిమెంటు పాలతో దాన్ని కప్పవచ్చు గానీ నల్ల రాయి పక్కన అది తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది.

ఎవరూ గీయకుండానే వచ్చే నక్షత్రం

మేదరులు అల్లే కోళ్ల గంపల్లో కొన్నిటికి ఆరు మూలల కన్నాలుంటాయి. వెదురు బద్దలను నిలువు, అడ్డం రెండు దిక్కుల్లో కాకుండా 60 డిగ్రీల తేడాతో మూడు దిక్కుల్లో నడిపితే వచ్చే అల్లిక అది. ఆరు మూలల కన్నం చుట్టూ ఆరు చిన్న ముక్కోణాలు ఏర్పడతాయి. కన్నాన్నీ ముక్కోణాలనూ కలిపి చూస్తే నక్షత్రమే. బద్ద తక్కువ పడుతుంది, గాలి ఆడుతుంది, మూడు దిక్కులా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల గంప పక్కకు ఒరగదు. అల్లేవారి ఉద్దేశం అంతవరకే. జపాన్‌లో ఇదే అల్లికను కాగొమె అంటారు. ఆ గుర్తు ఇసె పుణ్యక్షేత్రం దారి పక్కన రాతి దీపస్తంభాల మీద ఉంది కాబట్టి జపనీయులు యూదుల తప్పిపోయిన గోత్రమని వాదించినవారు ఉన్నారు. అదే తర్కంతో రాయలసీమ కోళ్ల గంపలను కూడా యెరూషలేముకు ముడిపెట్టవచ్చు. భౌతిక శాస్త్రజ్ఞులు మాత్రం ఒక రకం పరమాణు జాలకానికి ఆ అల్లిక పేరే పెట్టి 1951 నుంచి దాని అయస్కాంత గుణాలను లెక్కిస్తున్నారు.

రాతి జాలీల్లోనూ, అంటే కన్నాలు చెక్కిన రాతి తెరల్లోనూ, జరిగేది ఇదే. ఒక ఆకారాన్ని పక్కపక్కన పేర్చి గోడంతా నింపాలంటే 3, 4, 6 లెక్కల మీద నడిచే నమూనాలు సులభంగా అతుకుతాయి. అయిదు కోణాల నక్షత్రాలను పేరిస్తే మధ్యలో అతకని సందులు మిగులుతాయి. వాటిని పూడ్చడానికి వేరే ఆకారాలు కలపాలి, పని కష్టం. అందుకే దక్కన్‌లోనూ ఉత్తరాదిలోనూ ముస్లిం కట్టడాల జాలీలు ఎక్కువగా ఆరు, ఎనిమిది, పన్నెండు కోణాల మీద నడుస్తాయి. కర్నూలులో హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి దగ్గర గానీ, గండికోట మసీదులో గానీ నక్షత్రాల కోసం వెతికేవారు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఈ పనితనం సంగతి.

ముగ్గు దగ్గరికి వస్తే లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. సందు చుక్కల పద్ధతిలో, అంటే పై వరుసలోని రెండు చుక్కల నడిమికి కింది చుక్క వచ్చేలా, 1, 4, 3, 4, 1 అని అయిదు వరుసలు పెడితే 13 చుక్కలు. మొదటి వరుస చుక్కను నాలుగో వరుస రెండు కొనలకూ, అయిదో వరుస చుక్కను రెండో వరుస రెండు కొనలకూ కలిపి, నాలుగు చుక్కల వరుసలు రెండింటినీ అడ్డంగా గీస్తే నక్షత్రం పూర్తవుతుంది. ఇంకా పెద్దది కావాలంటే 1, 2, 7, 6, 5, 6, 7, 2, 1, మొత్తం 37 చుక్కలు. ‘7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు’ అని పెట్టే మామూలు ముగ్గుకూ 37 చుక్కలే పడతాయి. చుక్కలు అన్నే, అమరిక వేరు. ముగ్గు నక్షత్రం సాగినట్టు నిలువుగా రావడానికి కారణం ఒక్కటే: చుక్కకూ చుక్కకూ ఎంత దూరమో వరుసకూ వరుసకూ అంతే దూరం పెట్టడం. చుక్కల మధ్య 4 అంగుళాలు ఉంటే వరుసల మధ్య మూడున్నర అంగుళాలే ఉండాలి.

ఈ 13 సంఖ్య అమెరికా రాజముద్ర మీదా ఉంది. గద్ద తల మీద తొలి 13 రాష్ట్రాలకు గుర్తుగా 13 చిన్న నక్షత్రాలను 1, 4, 3, 4, 1 వరుసల్లోనే పేర్చారు. మొత్తం ఆకారం ఆరు కోణాల నక్షత్రమైంది. డాలరు నోటు వెనుక ఉన్న ఈ బొమ్మలో యూదు కుట్ర వెతికేవారు ఇప్పటికీ తక్కువేమీ లేరు. పదమూడింటిని సమంగా పేర్చాలంటే సహజంగా తోచే అమరిక ఏదో మన వాకిళ్లలో ముగ్గు పెట్టేవారికి బాగా తెలుసు.

షట్కోణం: అక్షరం పడ్డాకే యంత్రం

హిందూ సంప్రదాయంలో పైకి చూసే త్రికోణం శివుడికి, అగ్నికి గుర్తు. కిందికి చూసేది శక్తికి, జలానికి. రెండూ కలిసిన షట్కోణం శివశక్తుల కలయిక. ఆ కలయిక నుంచి పుట్టిన దేవుడు షణ్ముఖుడు కాబట్టి షట్కోణం సుబ్రహ్మణ్యుడి యంత్రమైంది. ఆరు కోణాల్లో శ, ర, వ, ణ, భ, వ అనే షడక్షరి, మధ్యలో ఓంకారమో బీజాక్షరమో ఉంటాయి. ఆరు ముఖాలు, పెంచిన కృత్తికలు ఆరుగురు, తిథి షష్ఠి, అన్నిటా ఆరే. అనంతపురం జిల్లా పంపనూరు లాంటి సుబ్రహ్మణ్య క్షేత్రాలకు షష్ఠి నాడు వెళ్లేవారికి ఈ లెక్క కొత్తది కాదు.

యంత్రంలో షట్కోణం ఒంటరిగా ఉండటం అరుదు. నడుమ బిందువు, చుట్టూ త్రికోణమో షట్కోణమో, దాని చుట్టూ వృత్తం, పద్మదళాలు, అన్నిటికీ బయట నాలుగు ద్వారాల చతురస్రం, అంటే భూపురం. దేవతను బట్టి కోణాల సంఖ్య, దళాల సంఖ్య, బీజాక్షరం మారతాయి. గణపతి యంత్రంలోనూ షట్కోణం ఉంటుంది కానీ బీజం వేరు. తంత్ర గ్రంథాలు హృదయస్థానంలో చెప్పే అనాహత చక్రానికి 12 దళాలు, నడుమ షట్కోణం, ‘యం’ బీజం. ఇక్కడ అది వాయుమండలం. కాబట్టి షట్కోణానికి హిందూ సంప్రదాయంలోనే ఒకే అర్థం లేదు. అక్షరం పడేదాకా అది ఖాళీ గడి.

వైష్ణవంలో షట్కోణం సుదర్శనుడి ఆసనం. చక్రత్తాళ్వారు, అంటే దేవతగా కొలిచే సుదర్శన చక్రం, విగ్రహాల్లో ముందు వైపు షట్కోణం మధ్య అనేక బాహువులతో సుదర్శనుడు, వెనుక వైపు త్రికోణంలో యోగ నరసింహుడు ఉంటారు. అహోబిలం ఉన్న సీమలో నరసింహుడి వెనుక, ముందు కథ తెలిసిన భక్తుడు ఆ నక్షత్రాన్ని చూసి ఇజ్రాయెల్ అనుకోడు. దీన్ని ఫొటోలో ఒక మూలకు కత్తిరించి పంపితేనే ఆ పొరపాటుకు చోటుంటుంది.

శ్రీచక్రం సంగతి వేరు. అందులో పైకి నాలుగు, కిందికి అయిదు, మొత్తం తొమ్మిది త్రికోణాలు ఒకదాన్నొకటి కోసుకుని 43 చిన్న త్రికోణాలు ఏర్పడతాయి. దూరం నుంచి నక్షత్రంలా కనిపించినా అది రెండు త్రిభుజాల షట్కోణం కాదు. అలాగే మౌర్యుల నాటి, అంతకు ముందటి విద్ధాంక నాణేల (గుర్తులు కొట్టిన వెండి ముక్కల) మీద ఉండే ఆరు చేతుల గుర్తునూ నక్షత్రమని రాసేస్తుంటారు. అది కేంద్రం నుంచి ఆరు వైపులా చేతులు చాచిన చక్రం, త్రిభుజాలే లేవు. టిబెట్ బౌద్ధంలో వజ్రయోగిని మండలం నడుమ ఉన్నవి మాత్రం అచ్చంగా ఒకదానిపై ఒకటి ఉన్న రెండు త్రిభుజాలే.

సులైమాన్ ముద్ర

యూదు, క్రైస్తవ, ఇస్లాం కథల్లో సొలొమోను రాజుకు, ఇస్లాంలో సులైమాన్ ప్రవక్తకు, జిన్నులను లొంగదీసే ఉంగరం ఉంది. ఖురాన్ ఆ ఉంగరం ముద్ర ఎలా ఉంటుందో చెప్పదు. బొమ్మ తర్వాతి కథలది. ఆ ముద్రను కొన్నిచోట్ల అయిదు కోణాలతో, కొన్నిచోట్ల ఆరు కోణాలతో గీశారు. చాలాకాలం రెండింటికీ తేడా పాటించలేదు. తావీజు రేకు మీద నక్షత్రం ఉండటానికి మూలం ఇదే: దుష్టశక్తి దగ్గరికి రాకుండా కట్టడి.

ముస్లిం ప్రపంచంలో దాన్ని ఎంత బాహాటంగా వాడారో ఇప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాదు. అనటోలియాలోని కరమాన్ రాజుల జెండా మీద అది ఉంది. ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్య నావికాధిపతి ఖైరుద్దీన్ బర్బరోస్సా పతాకం మీద ఉంది. 19వ శతాబ్దపు మొరాకో కంచు నాణేల మీద ఉంది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి తోరణాల రెండు భుజాల మీదా ఎర్ర ఇసుకరాతిలో తెల్ల చలువరాతి నక్షత్రాలు పొదిగారు. పురానా కిలా ద్వారాల మీదా అలాంటివే ఉన్నాయి. మొఘల్ తోరణం మీద నక్షత్రం పడే చోటు దాదాపు స్థిరం: కమాను వంపుకూ చట్రం మూలకూ మధ్య మిగిలే ముక్కోణపు ఖాళీ. ఆ ఖాళీకి గుండ్రటి పతకం సరిగ్గా సరిపోతుంది, గుండ్రటి పతకంలో ఆరు కోణాలు అంతకంటే చక్కగా ఇముడుతాయి. కట్టడంలో చోటు కోరిన అలంకారం ఎంత, రక్షణ ముద్ర ఎంత అనేది ఒక్కో కట్టడానికి విడిగా అడగాల్సిన ప్రశ్న. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ముస్లిం దేశాల్లో ఈ గుర్తు కొత్త వాడకం తగ్గిపోయింది. పాతది రాతిలో ఉండిపోయింది, దాంతో గందరగోళం మొదలైంది.

యూదుల నక్షత్రం వయసు ఎంత?

ఇక్కడే ఎక్కువ అపోహ ఉంది. ఈ నక్షత్రానికి యూదులు పెట్టుకున్న దావీదు డాలు (మాగెన్ దావిద్) అనే పేరు వినగానే ఈ గుర్తు మూడు వేల ఏళ్లనాటిదని అనుకుంటారు. ప్రాచీన యూదు మతానికి గుర్తు ఏడు కొమ్మల దీపస్తంభం, మెనోరా. రోములో టైటస్ తోరణం మీద యెరూషలేము దోపిడీని చెక్కినప్పుడు సైనికులు మోసుకుపోతున్నది దాన్నే. ఇజ్రాయెల్ 1949లో రాజ్యచిహ్నం ఎంచుకున్నప్పుడూ మెనోరానే తీసుకుంది, నక్షత్రాన్ని కాదు.

గలిలయలోని కపెర్నహూము ప్రార్థనామందిరం రాళ్ల మీద ఆరు కోణాల నక్షత్రం ఉంది, నిజమే. కానీ దాని తోడుగా అయిదు కోణాలదీ, ఆకులూ లతలూ ఉన్నాయి. ఆ కాలపు రాతి పనిలో అది అలంకారాల్లో ఒకటి. కైరోలో 1008, 1009 ప్రాంతంలో రాసిన హీబ్రూ బైబిలు ప్రతి, లెనిన్‌గ్రాద్ ప్రతిగా పేరొందిన దానిలో, ఒక పుట నిండా ఆరు కోణాల నక్షత్రం ఉంది. అదీ అలంకార పుటే. మధ్యయుగాల్లో రక్షరేకుల మీద వాడుక పెరిగింది, సులైమాన్ ముద్ర కథతో కలిసే.

మలుపు ప్రేగ్ నగరంలో కనిపిస్తుంది. అక్కడి యూదు సమాజం మధ్యయుగాల చివర తన జెండా మీద దీన్ని వాడింది. 16వ శతాబ్దంలో అక్కడి హీబ్రూ ముద్రాపకులు పుస్తకాల మీద వేసుకున్నారు. వియన్నాలో 1656లో యూదు వాడకూ క్రైస్తవ వాడకూ మధ్య సరిహద్దు రాయి పాతినప్పుడు ఒక వైపు సిలువ, ఇంకో వైపు ఆరు కోణాల నక్షత్రం చెక్కారు. ఒక మతానికి ఎదురుగా మరో మతం గుర్తుగా అది నిలబడటం ఆ రాయి మీద స్పష్టంగా చూడవచ్చు.

19వ శతాబ్దంలో ఐరోపా యూదులకు పౌరహక్కులు వచ్చి, వీధిలోకి కనిపించేలా పెద్ద ప్రార్థనామందిరాలు కట్టే వీలు దొరికింది. చర్చి మీద సిలువ ఉన్నట్టు తమ కట్టడం మీద ఏముండాలనే ప్రశ్న ఎదురైంది. మెనోరా గీయడం కష్టం, దూరానికి ఆనదు. నక్షత్రం సులువు, ఇనుప కడ్డీతోనైనా ఇటుకతోనైనా అయిపోతుంది. మత గ్రంథాల్లో దానికి ప్రత్యేక అర్థం లేకపోవడం కూడా కలిసివచ్చింది. ఆచారపరులకూ సంస్కరణవాదులకూ అభ్యంతరం లేని గుర్తు అది ఒక్కటే. 1897లో బాసెల్‌లో జరిగిన మొదటి జియోనిస్టు (యూదులకు సొంత దేశం కోరే ఉద్యమం) మహాసభ దాన్ని ఎంచుకున్నప్పుడూ ఇదే సౌకర్యం పనిచేసింది: మతాచారం పాటించనివారు కూడా దాన్ని తమదనగలిగారు. ఇజ్రాయెల్ ప్రస్తుత జెండా 1948 అక్టోబరు 28న అధికారికమైంది.

ఆ రెండు తేదీల మధ్య నాజీలు ఆ గుర్తును పట్టివేత సాధనం చేశారు. 1939 నవంబరులో ఆక్రమిత పోలండ్‌లో తెల్లటి చేతి పట్టీ మీద నీలి నక్షత్రం తప్పనిసరి చేశారు. 1941 సెప్టెంబరు 19 నుంచి జర్మనీలో ఆరేళ్లు నిండిన ప్రతి యూదుడూ అరచేయంత పసుపు నక్షత్రం ఛాతీ ఎడమ వైపు కుట్టుకోవాలి. దాని మధ్య ‘యూదె’ (యూదుడు) అన్న మాట నల్లటి అక్షరాల్లో ఉండేది. యూదులకు వేరే గుర్తు తొడిగించడం అంతకు ముందే ఉంది, 1215 నాటి లాటరన్ చర్చి మహాసభ ఆదేశం అలాంటిదే. రాజ్యం నడిపిన హత్యాకాండకు ఈ నక్షత్రం ముడిపడటం మాత్రం ఇదే మొదలు. ఇవాళ ఆ ఆకారం ఐరోపాలో ఎందుకంత బరువుగా ధ్వనిస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది. మన దగ్గర షట్కోణం పక్కన పసుపు రంగు అంటే పసుపూ కుంకుమే గుర్తొస్తాయి. అక్కడ పసుపు నక్షత్రం అంటే 1941.

అంతర్జాతీయ చట్టంలోనూ ఈ గుర్తు చాలాకాలం ఇరుకున పడింది. ఇజ్రాయెల్ అత్యవసర వైద్య సంస్థ మాగెన్ దావిద్ అదోమ్ 1930లో ఏర్పడింది, చిహ్నం ఎర్ర నక్షత్రం. రెడ్‌క్రాస్ ఉద్యమం సిలువనూ నెలవంకనూ ఒప్పుకుంది, దీన్ని ఒప్పుకోలేదు. 2005 డిసెంబరులో జెనీవా ఒప్పందాలకు మూడో అదనపు ప్రోటోకాల్ వచ్చింది. ఏ మతానికీ చెందని ఎర్ర స్ఫటికం అనే చట్రాన్ని, లోపల సొంత గుర్తు పెట్టుకునే వీలుతో, అది అంగీకరించింది. ఆ మరుసటి ఏడాది ఈ సంస్థకు సభ్యత్వం దక్కింది.

మతంతో సంబంధం లేనివి

ఇవి కూడా లెక్కలోకి రావాలి, లేకుంటే ప్రతి నక్షత్రం వెనుకా ఒక దేవుడిని వెతుకుతాం. జర్మనీలో బవేరియా ఉత్తర ప్రాంతాల్లో ఇంటి ముందు ఆరు కోణాల నక్షత్రం వేలాడితే లోపల కొత్త బీరు సిద్ధమని అర్థం. రసవాదులు నిప్పు త్రిభుజం, నీటి త్రిభుజం కలిపి గీసేవారు. అమెరికాలో చాలా జిల్లాల షెరీఫుల బిళ్లలు ఆరు కోణాలవే. బురుండీ జెండా మీద మూడు ఉన్నాయి. ఆస్ట్రేలియా జెండాలోని పెద్ద నక్షత్రానికి 1901లో ఆరు రాష్ట్రాలకు ఆరు కోణాలు ఉండేవి, 1908లో ఏడో కోణం కలిపారు. చైనీస్ చెకర్స్ బల్లకు పేరు చైనాది, పుట్టుక జర్మనీది, గుంటలు 121.

దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) ముద్ర వీటికి భిన్నం. 1875లో న్యూయార్క్‌లో మొదలై చెన్నైలోని అడయారుకు వచ్చిన ఆ సమాజం ముద్రలో తోక మింగే పాము, ఆరు కోణాల నక్షత్రం, ఈజిప్టు అంఖ్ (పైన వలయం ఉన్న సిలువ), స్వస్తిక, పైన ఓంకారం అన్నీ కలిసి ఉన్నాయి. మదనపల్లెలో ఆ సమాజం నాయకురాలు అనీ బిసెంట్ పేరున ఉన్న కళాశాల వల్ల సీమ జనానికి ఈ ముద్ర కొంత పరిచయమే. స్వస్తిక, యూదుల నక్షత్రం ఒకే బిళ్లలో చూసి ఇప్పటివారు ఉలిక్కిపడతారు. ముద్ర రూపొందినప్పుడు హిట్లర్ పుట్టనే లేదు.

క్రిస్మస్ నక్షత్రం: కోణాల సంఖ్యకు కారణం బద్దలే

మత్తయి సువార్త తూర్పు జ్ఞానులు నక్షత్రాన్ని చూశారని చెబుతుంది, కోణాలు ఎన్నో చెప్పదు. అందుకే కడపలోనూ నంద్యాలలోనూ ఇళ్ల ముందు అయిదు, ఆరు, ఏడు కోణాలవి అన్నీ కనిపిస్తాయి. ఆరు రోజుల సృష్టికి గుర్తుగా ఆరు కోణాలని చెప్పే క్రైస్తవ వ్యాఖ్యానం పాతదే. ఇటీవల కొన్ని సంఘాల్లో ఇజ్రాయెల్ పట్ల మక్కువతో నీలి తెలుపు నక్షత్రం పెట్టడం వేరే ధోరణి, దాని మూలం గత కొన్ని దశాబ్దాల సువార్త ప్రచారంలో ఉంది. అయితే ఇంట్లో చేసుకునే నక్షత్రానికి ఆరు కోణాలు కుదరడంలో వెదురు పాత్ర ఎక్కువ. త్రిభుజం చట్రం దానంతట అదే బిగుసుకుని ఉంటుంది, నాలుగు మూలలదిలా ఒరగదు. రెండు త్రిభుజాలు కట్టి ఒకదానిపై ఒకటి పెడితే చాలు.

కొన నుంచి ఎదురు కొనకు 2 అడుగుల నక్షత్రానికి ఒక్కో బద్ద 21 అంగుళాలు, ముడి కోసం రెండు చివరలా అర అంగుళం అదనం. ఒక ముఖానికి ఆరు, రెండు ముఖాలకు 12 బద్దలు. ప్రతి బద్ద మీద 7, 14 అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, రెండో త్రిభుజం బద్దలు ఆ గుర్తుల మీదే దాటేలా కట్టాలి. గుర్తు పెట్టకుండా కంటి అంచనాతో కడితే ఒక కొన పొట్టి, ఒక కొన పొడవు అవుతుంది. కాగితం అంటించాక సరిచేయడం కుదరదు. కణుపు సరిగ్గా ముడి దగ్గర పడితే ఉబ్బి ముడి జారుతుంది, బద్దను కాస్త జరిపి కోసుకోవాలి. రెండు ముఖాల ఆరు కొనలనూ జతలుగా కట్టేసి, లోపలి ఆరు కూడళ్ల దగ్గర 4 అంగుళాల పుల్లలు నిలబెడితే నడుము ఉబ్బి లాంతరు ఆకారం వస్తుంది. లోపల పాత తీగ బల్బు పెడితే వేడికి కాగితం మాడుతుంది, ఎల్‌ఈడీ వాడాలి.

ఎదురైన నక్షత్రాన్ని చదవడం

లోపల అక్షరాలు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. శరవణభవ ఉంటే సుబ్రహ్మణ్యుడు, అరబ్బీ అంకెల గడులు తోడుంటే తావీజు, హీబ్రూ ఉంటే యూదు సంప్రదాయం. అక్షరాలు లేకపోతే చుట్టూ ఉన్నది చూడాలి: పద్మదళాలు, భూపురం ఉంటే యంత్రం, తోరణం మూలలో గుండ్రటి పతకమైతే ముస్లిం వాస్తు, అదే ఆకారం పది చోట్ల వరుసగా పునరావృతమైతే చాలావరకు వట్టి అలంకారం. కట్టడం 19వ శతాబ్దానికి ముందుదైతే, వేరే బలమైన ఆధారం లేకుండా నక్షత్రాన్ని బట్టి యూదుల ఉనికిని ఊహించడం తప్పుదారి. తెలుగునాట యూదు ఆచారం పాటించేవారు లేకపోలేదు. గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం సమాజం ఉంది. కానీ అది ఇటీవలి చరిత్ర, దానికి పాత గుళ్ల షట్కోణాలతో పని లేదు. త్రిభుజాలు ఒకదానిలోంచి ఒకటి దూరి అల్లుకున్నాయా, ఊరికే ఒకదానిపై ఒకటి పడ్డాయా అన్నదాన్ని బట్టి మతం తేల్చేవారున్నారు. అది పనికిరాని కొలత, రెండు పద్ధతులూ అన్ని సంప్రదాయాల్లో దొరుకుతాయి.

ఇప్పుడు కొత్త గందరగోళం ఫ్లెక్సీల దగ్గర పుడుతోంది. షష్ఠి బ్యానరుకు షట్కోణం కావాలంటే అంతర్జాలంలో మొదట దొరికే బొమ్మను దించుకుంటారు. అది చాలాసార్లు ఇజ్రాయెల్ జెండా నుంచి కత్తిరించిన నీలి గీతల నక్షత్రమే అవుతుంది. ఫోన్ కీబోర్డులో రెండు నక్షత్రాలు వేర్వేరుగా ఉన్నాయి. యూనికోడ్‌లో ఒకదాని పేరే దావీదు నక్షత్రం. మధ్యలో చుక్క ఉన్న రెండోది జపాన్ ఫోన్ల నుంచి వచ్చిన జోస్యం గుర్తు. యంత్రం కోసం చేసినది రెండింట్లో ఏదీ కాదు. కాబట్టి సొంతంగా గీసుకోవడమే మేలు. సమబాహు త్రిభుజం ఒకటి గీసి, నకలు తీసి, తలకిందులు చేయాలి. చాలా సాఫ్ట్‌వేర్లు బొమ్మ చట్రం మధ్యబిందువు చుట్టూ తిప్పుతాయి, త్రిభుజం కేంద్రం అక్కడ ఉండదు. అందుకే రెండు త్రిభుజాల పై అంచూ కింది అంచూ కలిసిపోయి నక్షత్రం రాదు. తిప్పిన త్రిభుజాన్ని దాని ఎత్తులో సరిగ్గా మూడో వంతు కిందికి జరపాలి. ఎత్తు 30 సెంటీమీటర్లయితే 10. ఆ తర్వాత కోణాల్లో ఆరు అక్షరాలు, నడుమ బీజం.